పేరు పలకని పాఠం

నాకు ఓపిక తక్కువ. ఈ మాట మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. పెద్దవాళ్ళకు చదువు చెప్పే పాఠాలు తయారు చేసే పనికి ఇంతకంటే పనికిరాని గుణం ఇంకొకటి ఉండదేమో. అన్నం ఉడికేలోపు నాలుగుసార్లు మూత తీసి చూసే మనిషిని నేను. అలాంటిదాన్ని, యాభై ఏళ్ల చేయి ఒక అక్షరాన్ని దిద్దుతుంటే పక్కన కూర్చుని చూడాలి. కూర్చోలేక లేచి గదంతా తిరుగుతాను. ఘనపూర్‌లో ఒక అవ్వ అననే అన్నది: "నువ్వు జర కూసో బిడ్డా. నువ్వు తిరుగుతుంటే నా అక్షరం సుత తిరుగుతున్నది."

ఆ ఘనపూర్ ములుగు ఘనపూర్. ఆ ముక్క కలపకపోతే మా జనగామలో ఎవరైనా స్టేషన్ ఘనపూర్ అనుకుంటారు. వారానికి ఒక రోజు అక్కడ, రెండు రోజులు బయ్యారం వైపు, మిగతా రోజులు జనగామ. మూడు జిల్లాల్లో మూడు కేంద్రాలు. పాఠం నేనే రాయాలి, నేనే చెప్పి చూడాలి, పనిచేస్తే తక్కిన ఊళ్ళ వాలంటీర్లకు పంపాలి. పొద్దున జనగామ స్టేషన్‌లో ముప్పాతిక మంది హైదరాబాద్ బండి కోసం నిలబడితే నేను అవతలి ప్లాట్‌ఫారం మీద మానుకోట బండి కోసం అటూ ఇటూ నడుస్తుంటాను. రికార్డుల్లో అది మహబూబాబాద్, మా నోళ్ళలో మానుకోటే. సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడతాను. సగం పాఠాలు అలా నిలబడి రాసినవే. నా రాత నాకే అర్థం కాదు, అది వేరే సంగతి.

ఈ మధ్య పైనుంచి ఒకటే మాట: ప్రతి పాఠంలో ఫోన్ ఉండాలి. ఆ మాట నాకు నచ్చింది. పిల్లల కోసం వేసిన ఆవు బొమ్మలు చూపిస్తే ఆవులు కాచిన ఆడవాళ్ళు ఆవలిస్తారు గానీ నేర్చుకోరు. వాళ్ళ దగ్గర ఫోన్లున్నాయి. అక్షరం రాకుండానే వాటిని ఆడిస్తున్నారు కూడా. కూతురి నంబరుకు పువ్వు బొమ్మ, ఎరువుల దుకాణానికి బస్తా బొమ్మ, ఇంటాయనకు ట్రాక్టరు బొమ్మ. ఆ బొమ్మల పక్కన అక్షరాలు పెట్టించడమే నా పని అనుకున్నాను.

అలా తయారైంది మైకు పాఠం. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కాలి, మీకు ఇష్టమైన పేరు చెప్పాలి, ఆ పేరు అక్షరాలై తెర మీద పడుతుంది. మన నోట్లోంచి వచ్చింది కళ్ళ ముందు కనపడితే ఎవరికైనా సరదానే కదా. జనగామలో ఈ పాఠం మోత మోగింది. కూరగాయలమ్మే ఆడవాళ్ళు పిల్లల పేర్లు చెప్పారు, మనవల పేర్లు చెప్పారు, ఒకామె తన మేక పేరు చెప్పింది. గంట గడిచినా లేవలేదు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అదే ఊపుతో బయ్యారం బస్సెక్కాను.

అక్కడ మా కేంద్రం బయ్యారం పక్కన ఒక పల్లెలో, మహిళా సంఘం గదిలో ఉంటుంది. ఇనుపరాయి నేల కాబట్టి గది గడపంతా ఎర్ర దుమ్ము. పద్నాలుగు మంది వస్తారు. వాళ్ళలో ఒకామె మొదటి రోజే నాకో షరతు పెట్టింది. సన్నగా, గట్టిగా ఉంటుంది, యాభై దాటాయి, పత్తి చేను చేసుకుంటుంది. "మేడం, నాకు ఒక్క పేరు నేర్పు. జల్ది నేర్పు. మిగిలిన సదువు తర్వాత సంగతి" అన్నది.

ఆమె భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు మానుకోట దవాఖానకు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. వాళ్ళ మాటలో రక్తం కడిగించుడు. అక్కడ గది బయట టీవీ ఒకటి ఉంటుంది, వంతు వచ్చిన వాళ్ళ పేర్లు దాని మీద వస్తాయి. పేరు వచ్చాక నర్సు తలుపు దగ్గరికి వచ్చి ఒకసారి చూస్తుంది. మనిషి లేకపోతే ఆ మంచం తర్వాతి వాళ్ళకు పోతుంది. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు గానీ షుగరుతో చూపు మందగించి టీవీ ఆనదు. ఆమెకు చదువు లేదు.

"కార్డు పక్కోళ్ళకు చూపిస్త. జర చూడు అన్నా, గీ పేరొచ్చిందా అని అడుగుత. అందరు మంచోళ్ళే మేడం. గని ఎవల ఆపతి వాళ్ళది. ఒకనాడు పక్కకున్నాయన కూసున్న కాడనే నిద్రపోయిండు. మా పేరొచ్చింది, పోయింది. పొద్దుగూకిందాంక వంతు రాలే. కాళ్ళకు నీరు దిగి, దమ్ము తీసుకోరాక ఆయన గోడకు చారగిలవడ్డడు. మళ్ల గట్ల కావొద్దు."

అంత సూటిగా అడిగిన విద్యార్థి నాకు ఎప్పుడూ దొరకలేదు. ఈమె కోసమే ఈ పాఠం పుట్టింది అనుకుని మైకు నొక్కి ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టాను. "నీకు కావాల్సిన పేరు చెప్పు అక్కా." ఆమె నోరు తెరవలేదు. మళ్ళీ నొక్కాను. తల అడ్డంగా ఊపింది. మూడోసారి కూడా అంతే. వెనక వాళ్ళు కిసుక్కున నవ్వుతున్నారు. బండి, బస్సు, ఆటో మారి వచ్చినదాన్ని, నాకు కోపం నషాళానికంటింది. "నేర్పుమన్నది నువ్వే, నోరు మూసుకుని కూసున్నది నువ్వే. గిట్లయితే నేనెట్ల నేర్పాలె?" అని గట్టిగానే అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. అందరికంటే పెద్దామె, పళ్ళు సగం ఊడిన అవ్వ, నా వైపు జాలిగా చూసింది. "మొగని పేరు పెండ్లాం నోట ఎట్లొస్తది బిడ్డా? సదవేస్తె ఉన్న మతి పోయిందంటె గిదే."

నిజంగానే పోయింది. నాకు తెలియక కాదు. చిన్నప్పుడు రేషన్ దుకాణంలో, బడిలో, ఎక్కడ మా నాయిన పేరు అడిగినా మా అమ్మ నన్ను ముందుకు తోసి "చెప్పు" అనేది. ఆ పేరు చెప్పడం కోసమే నన్ను వెంట తీసుకుపోయేది. నేనేమో మా ఆయన్ను పేరు పెట్టి పిలుస్తాను, పేరు పెట్టి తిడతాను కూడా. చేతిలోకి ఫోన్ వచ్చాక, అది ఎవరినైనా మాట్లాడిస్తుందనుకున్నాక, మా అమ్మ నోరు నాకు గుర్తే లేకుండా పోయింది. జనగామలో అందరూ పిల్లల పేర్లు, మేక పేర్లు ఎందుకు చెప్పారో అప్పుడు తెలిసింది.

పాఠం అయ్యాక ఆమె నాతో పాటు ఆటో ఆగే చోటు దాకా నడిచింది. నేను తప్పయిందన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. తన మనసులో ఉన్నది చెప్పింది.

"మొగని పేరు తీస్తె ఆయిష్షు తరుగుతదంటరు. నిజమో అబద్ధమో నాకెర్కలేదు చెల్లె. ఆయన మంచిగుంటె ఎన్నడన్న అనేదాన్నేమో. ఇప్పుడు ఆయనకు మిగిలిందే గింత. గా గింత నా నోటితోని నేనెట్ల తరిగిస్త?"

చెల్లె అన్నది. అప్పటిదాకా మేడం. ఆటో వచ్చింది, ఎక్కాను.

తిరుగు బండిలో కాలు గాలిన పిల్లిలా తలుపు నుంచి తలుపుకు తిరిగాను. మైకు పాఠాన్ని కొట్టేశాను. ఇంకొకటి రాశాను, అదీ కొట్టేశాను. పేరు నోటితో అనకుండా కంటితో పట్టుకోవాలి, అది కూడా కదిలే తెర మీద, పది పేర్ల మధ్య. కాజీపేట దాటాక తట్టింది. దవాఖాన టీవీనే తరగతిలోకి తేవాలి. ఇంటికి చేరగానే కూర్చుని, ఫోన్‌లో ఒక చిన్న వీడియో చేశాను. తెల్ల తెర మీద నల్ల అక్షరాలతో ఒక్కో పేరు వస్తుంది, కొన్ని క్షణాలు ఉంటుంది, పోతుంది. ఆమె చూపించిన కార్డులోని పేరును ఆ వరసలో అక్కడక్కడ దాచాను.

మళ్ళీ బయ్యారం వెళ్ళిన రోజు ముందు కార్డుకు ఫోటో తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేయించాను. ఒక్కో అక్షరం ఫోన్ నిండా వచ్చింది. ఇక్కడ చిన్న పంచాయితీ నడిచింది. అక్షరాలు విడివిడిగా పలికితే పేరు పలికినట్టా, కాదా? ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. చివరికి అవ్వ తీర్పు చెప్పింది: "ఒక్కో అక్షరానికి నడుమ నీళ్ళు తాగితె పేరన్నట్టు గాదు." నవ్వకండి, అలాగే చేశాం. ఆమె ఒక అక్షరం పలికేది, చెంబెత్తి ఒక గుక్క తాగేది, ఇంకో అక్షరం పలికేది. ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పని పద్ధతి. నా పాఠ ప్రణాళికలో "కావాల్సిన సామగ్రి" అన్న చోట ఫోన్ పక్కన చెంబు అని రాసుకున్నాను.

తర్వాత వీడియో. పేరు వచ్చినప్పుడల్లా తక్కిన పదమూడు మంది కూడబలుక్కుని గట్టిగా చదవాలి. ఆమె మాత్రం పెదవులు బిగించి, తనది రాగానే చెయ్యెత్తాలి. మొదటిసారి, మొదటి రెండక్షరాలు ఒకటే ఉన్న ఇంకో పేరుకు ఎత్తింది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "నవ్వకుండ్రి. గట్లనే ఆయన వంతు వేరేటోనికి పోతది" అన్నది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నేను వీడియో వేగం పెంచుకుంటూ పోయాను, పేర్లు మార్చుకుంటూ పోయాను. నాలుగో వారానికి ఆమె చెయ్యి నా కన్ను కంటే ముందు లేచేది. పేరును ఫోన్‌లో కొట్టడం కూడా అడిగి మరీ నేర్చుకుంది. రెండక్షరాలు కొట్టగానే ఫోన్ మిగతా పేరంతా తానే చూపించింది. "చూసినవా, దీనికి సుత ఎరుకే" అని మురిసిపోయింది.

ఇంక దవాఖానలో చూడాలి. మానుకోటలో నా నెలవారీ మీటింగు, ఆయన డయాలసిస్ ఒకే రోజు పడ్డాయి. మీటింగు ఎగ్గొట్టి దవాఖానకు పోయాను. ఆమె కోసమే పోయానని చెబితే అబద్ధం. ఆమె టీవీలో పేరు చూసి లేచే క్షణం వీడియో తీసి పైవాళ్ళకు పంపాలన్నది నా ఆశ. అలాంటి వీడియో ఒక్కటి చాలు, మూడు జిల్లాల్లో నా పాఠానికి పేరొస్తుంది.

ఆయన్ను అప్పుడే మొదటిసారి చూశాను. తెల్ల లుంగీ, భుజం మీద తువ్వాల, ఉబ్బిన పాదాలు. నమస్తే పెట్టి, కాసేపు బెంచీ మీద కూర్చుని, కాళ్ళు గుంజుతున్నాయని లేచి బయటికి పోయాడు. ఆమె టీవీ మీంచి కన్ను తీయలేదు. నేను ఫోన్ తీసి ఆమె మొహం మీద పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. ఎవరెవరివో పేర్లు వచ్చి పోయాయి. నా చెయ్యి నొప్పి పుట్టింది. ఉన్నట్టుండి ఆమె లేచి నిలబడింది.

"వచ్చింది" అన్నది.

వచ్చింది నిజమే. ఎవరినీ అడగకుండా, కార్డు బయటికి తీయకుండా ఆమే చదివింది. అంతలో ఆమె పక్కకు చూసింది. బెంచీ ఖాళీ. తలుపు దగ్గర నర్సు నిలబడి కాగితంలోకి చూస్తున్నది. ఆమె మెట్ల దాకా ఉరికింది, వెనకాలే నేను. బండ్లు పెట్టే చోటుకు అవతల చాయ్ బండి, దాని దగ్గర మాకు వీపు పెట్టి ఆయన. డాక్టర్లు నీళ్ళే కొలిచి తాగమన్న మనిషి, రెండు గుక్కల చాయ్ కోసం అంత దూరం నడిచాడు.

"ఓ ఇగో!" అని కేక వేసింది. పెళ్ళాలు పేరు పెట్టని ఆ ఆవరణలో మొగవాళ్ళంతా ఎవరో ఒకరికి ఇగోలే. నలుగురు మొగవాళ్ళు తిరిగి చూశారు. ఒకాయన రెండడుగులు ముందుకు కూడా వచ్చాడు. ఆయన మాత్రం తిరగలేదు. "ఇగో, నిన్నే!" మళ్ళీ తిరగలేదు. ఆమె వెనక్కి నర్సు వైపు చూసింది, ముందుకు ఆయన వైపు చూసింది. తర్వాత పేరు పెట్టి పిలిచింది.

ఆ పేరు నాకు తెలుసు. పదమూడు మంది చేత గొంతెత్తి చదివించింది నేనే. ఆ కేక నేను వేయాల్సింది. నా మొగుడు కాదు, నా నోటికి అడ్డం లేదు. కానీ నా చేతిలో ఫోన్ ఉంది, అందులో ఎర్ర చుక్క వెలుగుతున్నది, నేను ఆమె మొహాన్ని తెరలో సరిగ్గా పట్టే పనిలో ఉన్నాను. ఇంతకంటే సిగ్గుపడాల్సిన పని నా జీవితంలో చేసినట్టు గుర్తు లేదు.

ఆయన తిరగలేదు. ఆమె రెండోసారి పిలిచింది, గొంతు చీరుకుపోయేలా. ఆయన ఈసారి తల తిప్పి తన చుట్టూ ఉన్న మొగవాళ్ళను చూసి, మళ్ళీ చాయ్ వైపు తిరిగాడు. అప్పటికి నాకు బుద్ధి వచ్చి ఉరికాను. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నర్సు నాలుగు చివాట్లు పెట్టి లోపలికి తీసుకుపోయింది. మంచం దక్కింది.

ఆమె మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. "పేరు తీసిన చెల్లె. రెండుసార్లు తీసిన."

"ఏం కాదక్కా. అవన్నీ ఉత్త నమ్మకాలు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. "నీ ఇంటాయన మంచిగున్నడు గద" అన్నది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. బండెక్కగానే వీడియో తుడిచేశాను.

తర్వాతి తరగతికి ఆమె రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు. నాలుగు తరగతులు అలా పోయాయి. తక్కిన వాళ్ళను అడిగితే "దవాఖానకు తిరుగుతున్నరు" అన్నారు, అంతకంటే వాళ్ళకూ తెలియదు. ఆమె నంబరు నొక్కేదాన్ని, మోగకముందే కట్ చేసేదాన్ని. ఫోన్ ఎత్తి ఆమె ఏమంటుందో అని భయం. పేరు పలికితే మనిషి పోతాడన్న మాట నేను నమ్మను. నమ్మనని రోజుకు పదిసార్లు అనుకున్నాను, నమ్మని మాట అన్నిసార్లు ఎవరూ అనుకోరు. ఘనపూర్‌లో నెట్‌వర్క్ రాలేదని ఉత్తపుణ్యానికి ఒకామెను కసురుకున్నాను. జనగామలో కొత్త పాఠం రాద్దామని కూర్చుంటే కాగితం తెల్లగానే ఉంది. మా ఆయన "ఏందే, ఊరికే లేస్తున్నవ్, కూసుంటున్నవ్" అంటే పేరు పెట్టి పిలవబోయి ఆగిపోయాను. నా మీద నాకే కోపం వచ్చింది.

చివరికి ఒక డయాలసిస్ రోజు, అటు పని లేకపోయినా మానుకోట బండెక్కాను. దవాఖానలో టీవీ ముందు బెంచీ మీద ఆమె లేదు. బెంచీ మీది వాళ్ళ మొహాలన్నీ రెండుసార్లు వెతికాను. నర్సును అడిగితే "రెండు నిమిషాలే" అని తలుపు తీసింది. లోపల మూడో మంచం మీద ఆయన ఉన్నాడు. ఎడమ చేతికి గొట్టాలు, వాటిలో తిరుగుతున్న రక్తం, పక్కన యంత్రం మూలుగు. నన్ను పోల్చుకోవడానికి కళ్ళు చికిలించి, నవ్వాడు. అంత హాయి నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

"అక్క ఏదీ?" అన్నాను.

"ఆడనే, చాయ్ బండి కాడ. నాకు చాయ్ పోయొద్దని ఆ చాయ్ బండాయనతోని కొట్లాడింది. ఇగ అప్పటికెల్లి నేను లోపలికి రాంగనే ఆమె ఆడ కావలి కూసుంటది, బయటికి రాంగనే మళ్ల చాయ్ తాగుతనని" అన్నాడు. "నీ మొఖం చూడాల్నంటె సిగ్గయితున్నదట మేడం. సదువుకు గందుకే వస్తలేదు."

నేను ఏదో అనబోతే ఆయనే ఆపాడు.

"ఆనాడు నాకు ఇనవడ్డది. రెండుసార్లు ఇనవడ్డది, నా పేరే. గని ఎవలో తల్లి కొడుకును పిలుస్తున్నదనుకున్న. ఎవడో మంచిగ పిలిపించుకుంటున్నడు అని అటిటు చూసిన. ముప్పై ఏండ్ల సంసారం మేడం. ఆమె గొంతుల నా పేరు ఎన్నడన్న ఇంటె గద, గుర్తువట్టనీకి."

ఆయన దిండు మీద తల సర్దుకున్నాడు. "ఇంకొక్కసారి అను అని ఇంటికి పోయినంక అడిగిన. మూతి తిప్పుకొని పోయింది. బతిలాడిన. ఎంత అడిగిన అనదు. నీ పాణం మీదికి తెస్తనా అని ఏడ్సింది."

దిండు పక్కన ఆయన ఫోన్ టింగుమన్నది. కుడి చేత్తో తీసి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత నా వైపు తిప్పాడు. తెర నిండా పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. ఇంకేమీ లేదు. బొటనవేలితో పైకి జరిపాడు. దాని పైన కూడా ఆయన పేరే, దాని పైన కూడా. అన్నీ ఆమె పంపినవే.

"నోటితోని అనది గద. గిట్ల పిలుస్తది. ఈడ మంచం మీద ఉన్నంతసేపు గంటకోసారి."

"మరి నువ్వేమంటవ్ అన్నా?"

ఆయన ఫోన్ మళ్ళీ ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. వెతుక్కుంటూ, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ, చాలాసేపు కొట్టాడు. నేను కదలకుండా నిలబడి చూశాను. పంపాక చూపించాడు. "ఉన్న" అని రాసి ఉంది.